వ్రేలికి దెలిసిన యక్షరము

తిరుపతిలో గోవిందరాజస్వామివారి గుడికి సమీపమున, ఒక యిఱుకు వీధిలో, బియ్యపుటంగడి మీది మేడగదిలో నేను 1996వ సంవత్సరమున టైపు నేర్చుకొంటిని. ఇంటర్మీడియేటు పరీక్షలు వ్రాసి ఫలితములకై యెదురుచూచు దినములవి. ఆ కాలమున మా ప్రాంతపు తల్లిదండ్రులు పరీక్ష వ్రాసిన పిల్లలతో చెప్పెడి మాట యొక్కటియే: ఊరక తిరుగక లోయరు ప్యాసు కమ్ము, హయ్యరు సంగతి తరువాత చూతము.

ఆ గదిలో పదునెనిమిది యంత్రములుండెడివి. ఉదయము ఆఱుగంటలకు మొదటి జట్టు కూర్చుండుటతోడనే పుట్టు మ్రోత వీధి చివరనున్న పాలవాని వఱకు వినవచ్చెడిది. మా మాస్టరుగారు మూలనున్న కుర్చీలో పత్రిక చదువుకొనుచు, తల యెత్తకయే, "అయిదో మిషనూ, చిటికినేలు ఆనలేదు, గెట్టిగా కొట్టు" అని కేకవేసెడివారు. అయిదవ యంత్రము నాది. పదునెనిమిది యంత్రముల రొదలో నా చిటికెనవ్రేలి దౌర్బల్యము వారి చెవి కెట్లు చిక్కెనో నాకు చాలకాలము బోధపడలేదు. అది యొక సిద్ధి యని మేమందఱము నమ్మితిమి. సిద్ధి కాదనియు, వ్రాతపనిముట్టు స్వభావములోనే ఆ రహస్యమున్నదనియు నాకు తెలియుటకు ముప్పదియేండ్లు పట్టినది.

నేడు కంప్యూటరు మీటలను గూర్చి యువకులు చేయు చర్చలను వినువారికి నవ్వు రావచ్చును. ఎఱ్ఱని మీట మేలా, నీలపు మీట మేలా. ఒకటి 'టక్కు' మనును, ఒకటి మెత్తగా దిగును. ఒకదానికి నూనె రాయవలెను, ఒకదానికి రాయరాదు. వారి వాదములు పెండ్లివారు పట్టుచీర యంచులను గూర్చి చేయు వాదములవలెనే తెగవు. నేనును మొదట నవ్వితిని. కాని వ్రాయువాని కన్ను అక్షరమును చూడకముందే వ్రేలు దానిని ఎఱుగవలెనను కోరిక ఈ చర్చల కడుగున నున్నది. ఆ కోరిక మన తాటియాకులనాటిది. దాని చరిత్రమునే యిచట చెప్పబూనితిని.

'మీట' యనునది చక్కని మాట. వీణతంతిని మీటుదుము. పెద్దబండను కదల్చుటకు క్రింద దూర్చిన గడ్డపాఱయు మీటయే. ఒకదానిలో నాదము, ఒకదానిలో బలము. ఇంగ్లీషువారు ఇదే వస్తువునకు తాళపుచెవి పేరు పెట్టుకొనిరి. ఆ పేరులో నాదము లేదు, బలమును లేదు. ఈ విషయమున మన భాషకే యెక్కువ తెలిసినదని నా నమ్మకము.

తిరుపతిలోని ప్రాచ్యపరిశోధనాలయమున తాళపత్ర గ్రంథములను చూచినవారు ఆ యక్షరముల నలుపును చూచి, సిరాతో వ్రాసిరని భ్రమపడుదురు. అది వ్రాత కాదు, చెక్కడము. లేఖకుడు ఎడమచేత ఆకును పట్టుకొని, కుడిచేతి గంటమునకు ఎడమ బొటనవ్రేలిని ఆనుగా నిలిపి, ఆకు పైపొరను మాత్రము చీల్చుచు పోవును. ఆ క్షణమున ఆకుపై కనబడునది సన్నని గీటు మాత్రమే. అదియు వెలుతురు వాటముగా పడినప్పుడే. పత్రమంతయు ముగిసిన తరువాత మసి పూసి తుడిచినప్పుడుగాని యక్షరము కంటికి స్పష్టముగ తెలియదు. అనగా లేఖకుడు సగము గ్రుడ్డివాడై వ్రాసెను. గంటము ఎంత లోతు దిగినదో ఆతనికి చెప్పునది వ్రేలి కొనకు తగులు ప్రతిఘటనము, చెవికి సోకు చిన్న గీరుడు. బలము చాలనిచో మసి నిలువదు. మించినచో ఆకు చీలును. ఆకు ఈనెల వెంబడి పొడవైన అడ్డగీటు గీచినను చీలుననియు, మన లిపి గుండ్రదనమునకు అదియు నొక కారణమనియు పెద్దలు చెప్పుదురు.

మహాభారతమును తెనిగించునప్పుడు తిక్కనసోమయాజి చెప్పుచుండగా గురునాథుడు గంటము ఆపకుండ వ్రాసెనను కథ తెలుగునాట నెల్లరెఱిగినదే. కథ నిజమో కాదో చరిత్రకారులు తేల్చుకొందురు గాక. ఆ కథను పుట్టించినవారికి మాత్రము ఒకటి తెలియును: చెప్పువాని వేగముతో వ్రాయవలెనన్న, వ్రాయువాడు తన యక్షరమును చూచుచు కూర్చుండరాదు.

తిరుమలలో నింకను కఠినమైన పని జరిగినది. తాళ్లపాకవారి సంకీర్తనములు రాగిఱేకులపై చెక్కబడి ఆలయములోని యొక చిన్న యఱలో భద్రపఱుపబడినవి. ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధమున అవి వెలుగునకు వచ్చినవి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు తిరుపతిలో నుండి ఆ ఱేకులపై చేసిన కృషి చదువరు లెఱుగనిది కాదు. రెండువేలకు మించిన ఆ ఱేకులలో ఏ యొక్కదానినైన దగ్గఱగా చూడుడు. ఉలి దెబ్బల వరుస తెలియును. చెఱుపుటకు వీలులేని వ్రాత అది. తప్పు పడినచో దానిని ఉలి పడకముందే చేయి కనిపెట్టవలెను. ఆ శిల్పుల మణికట్టు నేర్పు ఱేకుఱేకునను మిగిలినది.

ఇక సముద్రముల కావలి సంగతి. అమెరికాలో మిల్వాకీ పట్టణమున క్రిస్టఫర్ లేథమ్ షోల్సు అను పత్రికాసంపాదకుడు మిత్రులతో గూడి 1868లో వ్రాతయంత్రమునకు పేటెంటు పొందెను. తుపాకులును కుట్టుయంత్రములును చేయు రెమింగ్టను సంస్థవారు దానిని సరిచేసి 1874లో అమ్మకమునకు పెట్టిరి. అది పెద్దబడి యక్షరములను మాత్రమే కొట్టెడిది. 1878లో వచ్చిన రెండవ యంత్రమున షిఫ్టు మీట చేరుటతో చిన్నబడి యక్షరములును వచ్చినవి. ఇవి యెల్లరు చెప్పుసంగతులే. నన్నాశ్చర్యపఱచినది వేఱొకటి. ఆ తొలి యంత్రములలో అక్షరపు కడ్డీలు రోలరు క్రింది భాగమును కొట్టెడివి. కొట్టిన వరుస కొట్టువానికి కనబడదు. చూడవలెనన్న క్యారేజిని పైకెత్తవలెను. లేదా మఱికొన్ని వరుసలు కొట్టి అది పైకి వచ్చువఱకు ఆగవలెను. మసి పూయని తాటియాకునకును, ఈ యుక్కు యంత్రమునకును ఏమి భేదము?

కనబడని యక్షరమును కొట్టవలసివచ్చుటచేతనే కాబోలు, చూడకుండ కొట్టు విద్య ఆ దినములలోనే ప్రసిద్ధికెక్కినది. 1888వ సంవత్సరము జూలై నెలలో సిన్సినాటి నగరమున నొక పందెము జరిగినది. ఒకవైపు ఫ్రాంకు మెగరిన్, న్యాయస్థానమున సంక్షిప్తలేఖకుడు, మీటలవైపు చూడకుండ అన్ని వ్రేళ్లతో కొట్టువాడు. రెండవవైపు లూయీ ట్రాబు, మీటలను చూచుచు కొట్టువాడు. మెగరిన్ గెలిచెను. ఆ గెలుపుతో ఈ విద్య దేశదేశములకు ప్రాకి, కడకు మా బియ్యపుటంగడి మేడ యెక్కినది. మా గదిలో సగము బెంచీలపై బాలికలుండిరి. తన యంత్రము స్త్రీలకు బ్రతుకుతెరువు చూపినదని షోల్సు వృద్ధాప్యమున సంతోషించెనని చెప్పుదురు. మా జట్టులోని బాలికలలో ఇద్దఱు ఆ చదువుతోనే ఆఫీసులలో కుదురుకొని తమ్ముళ్లను చదివించిరి. షోల్సు సంతోషమునకు తిరుపతి సాక్ష్యము నేనీయగలను.

టైపుమీట పనిచేయు విధమును కొంచెము వివరింపవలెను, ఏలయన తరువాతి కథయంతయు దాని నీడయే. వ్రేలు మీటను నొక్కును. దాని చివరనున్న తులాదండము అక్షరపు కడ్డీని విసరును. కడ్డీ రోలరును చేరు లోపల క్యారేజిని పట్టియుంచిన పంటిని తప్పించును. అక్షరము రిబ్బనుపై పడును. క్యారేజి ఒక పన్ను ముందునకు జరుగును. కావున ప్రతి యక్షరమునకు రెండు చప్పుళ్లు కలవు: ఒకటి దెబ్బ, ఒకటి జరుగుడు. రెండును కలసి వినబడును గాని, అలవాటైన చెవి విడదీయగలదు. అంతేకాక అక్షరపు నలుపు వ్రేలిబలముపై నాధారపడును. చిటికెనవ్రేలితో కొట్టిన 'ఎ' వెలవెలబోవును. నాలుగు కార్బను ప్రతులు తీయవలసినప్పుడు నాలుగవ ప్రతిలో ఆ 'ఎ' మాయమే. మా మాస్టరుగారు వినినది ఆ వెలవెలబోయిన దెబ్బనే.

యంత్రము యంత్రమునకు స్పర్శము వేఱుగ నుండెడిది. మా గదిలో నాలుగు రెమింగ్టనులు, మద్రాసులో తయారైన హాల్డాలు కొన్ని, తక్కినవి గోద్రెజువారివి. రెమింగ్టను మీట బావిలో చేద దిగినట్లు దిగును; అడుగు తగిలినప్పుడు బరువైన ధ్వని. హాల్డా మీట చుఱుకైనది, దాని ధ్వని కొంచెము పైస్థాయిది. గోద్రెజు నడిమిది, ఏ వ్రేలికైన లొంగునది. గోద్రెజువారు 1955లో టైపుయంత్రములు చేయ నారంభించి 2009 వఱకు చేసిరి. మేమందఱము పరీక్షకు హాల్డా దొరకవలెనని మ్రొక్కుకొనెడివారము. తీరా పరీక్షలో నాకు రెమింగ్టను వచ్చినది. ప్యాసైతిని.

తెలుగు టైపు ప్రత్యేకమైనది. మన గుణింతములను, ఒత్తులను యథాతథముగ పెట్టవలెనన్న ఏ బల్లయు చాలదు. కావున అక్షరములను ముక్కలుచేసి, తలకట్టు ఒకచోట, ఒడలు ఒకచోట, ఒత్తు ఒకచోట పెట్టిరి. పైనను క్రిందను అతుకవలసిన గుర్తులలో కొన్నింటి మీటలు క్యారేజిని జరుపవు. గుర్తు పడును, బండి కదలదు. తరువాతి యక్షరము అదే స్థలమున వచ్చి కూర్చుండును. అట్టి మీట ధ్వని వేఱు. దానిలో దెబ్బ కలదు, జరుగుడు లేదు. ఒంటికాలి గంతువలె నుండును. తెలుగు టైపు నేర్చినవారి చెవి ఒక్క పుట కొట్టుసరికి వందలకొలది ఒంటికాలి గంతులను, రెండుకాళ్ల నడకలను కలిపి వినెడిది. గంతు వినబడవలసినచోట నడక వినబడినచో ఒత్తు తప్పినదన్నమాట, కాగితము చూడనక్కఱలేదు. 1966లో అధికారభాషాచట్టము వచ్చిన తరువాత తెలుగు యంత్రములు కార్యాలయములలో చోటు చేసికొన్నవి. చిత్తూరు కచ్చేరీ ఆవరణలో చెట్టునీడను బల్ల వేసికొని అర్జీలు కొట్టు నొక వృద్ధుడు, ఎదుటనున్న రైతు గోడు వినుచు, అతని ముఖమునే చూచుచు, ఒక్క తప్పు లేక తెలుగు కొట్టుటను నేను బాల్యమున చూచితిని. ఆ రైతు మధ్యలో ఏడ్చెను. వృద్ధుడు చేయి ఆపి, అతనికి నీళ్లిచ్చి, మరల ఆపినచోటనే మొదలుపెట్టెను. కాగితమువైపు అప్పుడును చూడలేదు.

విద్యుత్తు వచ్చినది, దెబ్బ వ్రేలి చేతినుండి తప్పిపోయినది. 1961లో ఐబీఎమ్ సంస్థవారి సెలెక్ట్రిక్ యంత్రము పుట్టినది. కడ్డీలు పోయి, అక్షరములన్నియు నొక చిన్న బంతిపై చేరినవి. మీటను తాకినంతనే మోటారు పనిచేయును. బలము ఎంతయైనను అక్షరపు నలుపు ఒక్కటియే. ఆ పిమ్మట కంప్యూటరు వచ్చి బంతిని గూడ తీసివేసినది. ఇక మీట క్రింద నున్నది ఒక విద్యుత్సంధి మాత్రమే. దానిని కలుపుటకు ప్రయాస అక్కఱలేదు, ధ్వని యక్కఱలేదు. శాస్త్రదృష్టితో చూచినచో మీట నిశ్శబ్దమై, బరువులేనిదై యుండవచ్చును. కాని అట్టి మీటపై వ్రేలు నిలువలేదు. అక్షరము పడినదో లేదో తెలియక కొట్టువారు తడబడిరి. అంతవఱకు ఉచితముగా వచ్చిన స్పర్శమును ధ్వనిని ఇప్పుడు పనిగట్టుకొని తయారుచేయవలసివచ్చినది! మీటల చరిత్రములో నాకు మిక్కిలి రుచించు ఘట్టమిది. పోయిన పిదప గాని విలువ తెలియని వస్తువులలో ఈ 'టక్కు' ఒకటి.

ఐబీఎమ్‌లో రిచర్డు హారిసు అను ఇంజనీరు 1978లో పేటెంటు పొందిన యుపాయము మిక్కిలి సొగసైనది. మీటక్రింద ఒక సన్నని స్ప్రింగు నిలువుగా నుండును. నొక్కుకొలది అది అణగుచు పోయి, ఒక హద్దు దాటగానే, బరువు మోయలేని వెదురుగడవలె నడుమున వంగి ప్రక్కకు కూలును. ఆ కూలుటలో అది గొట్టపు గోడను తాకి మ్రోగును. ఆ కూలుటయే క్రింది తూగుపలకను త్రిప్పి అక్షరమును పంపును. వ్రేలికి తెలిసిన తెగుడు, చెవికి వినబడిన చప్పుడు, యంత్రము గ్రహించిన యక్షరము, ఈ మూడింటికిని కారణమొక్కటే. 1981లో ఐబీఎమ్ వారి వ్యక్తిగత కంప్యూటరుతో వచ్చిన మీటలపలకలోను, 1985లో వచ్చిన 'మోడల్ ఎమ్' అను పలకలోను ఈ స్ప్రింగే కలదు. నలుబదియేండ్లనాటి ఆ పలకలను వెదకి కొని వాడుకొనువారు నేటికిని కలరు.

ఆ స్ప్రింగు ఖరీదైనది. కంప్యూటర్లు ఇంటింటికి చేరిన కొలది చౌక మీటలు వచ్చినవి. ఒక రబ్బరుపొరపై బుడిపెలుండును; మీట నొక్కగా బుడిపె కూలి క్రిందిపొరల నంటించును. మా పాఠశాలలోనివన్నియు ఇట్టివే. దేశములోని పాఠశాలలన్నింట దాదాపుగా ఇట్టివే యనవచ్చును. వీనిలో నొక చిక్కున్నది. బుడిపె కూలుట వ్రేలికి తెలియునది ముందు. పొరలు అంటుకొనుట తరువాత. క్రొత్తలో ఈ యెడము తెలియదు. రబ్బరు ముదిరిన పిదప, మీటను ఒక యంచున నొక్కినప్పుడు, బుడిపె కూలినట్లే వ్రేలికి తోచును, అక్షరము మాత్రము పోదు.

దీని ఫలమును నేననుభవించితిని. కొన్నియేండ్ల క్రిందట అర్ధసంవత్సర పరీక్షకు తొమ్మిదవ తరగతి తెలుగు ప్రశ్నపత్రము కొట్టు పని నాపై పడినది. రాత్రి తొమ్మిదింటికి కూర్చుండి పదునొకండింటికి ముగించి, అలసటచే సరిగా దిద్దక, తెల్లవారి అచ్చునకిచ్చితిని. పరీక్షగదిలో ఒక బాలుడు లేచి, "సార్, ఈ పదయము అంటే ఏంది సార్?" అని యడిగెను. చూడగా, 'క్రింది పద్యమునకు తాత్పర్యము వ్రాయుము' అనుటకు మాఱుగా 'పదయమునకు' అని పడియున్నది. మఱియొక ప్రశ్నలో విద్య 'విదయ' యైనది. గదియంతయు నవ్వినది. తప్పు దిద్దని దోషము నాదే. అది నేను కాదనను. కాని ఏమి తప్పినదో ఆలోచించితిని. రెండుచోట్లను తప్పినది ఒకే మీట, పొల్లు.

ఇచట తెలుగు వ్రాయు విధానము కొంత చెప్పవలెను. కేంద్రప్రభుత్వపు ఎలక్ట్రానిక్సు శాఖవారు 1986లో భారతీయభాషల కన్నింటికిని ఒకే క్రమమున మీటలను ఏర్పఱచిరి; 1991లో అది జాతీయప్రమాణమైనది. దానిని ఇన్‌స్క్రిప్టు అందురు. అచ్చులును గుణింతపు గుర్తులును ఎడమచేతివైపు, హల్లులలో ఎక్కువభాగము కుడిచేతివైపు ఉండును. మృదంగమునకు రెండు ముఖములున్నట్లు, ఈ వ్రాతకు రెండుచేతుల వంతులున్నవి. రెండు హల్లులను కలుపవలెనన్న నడుమ పొల్లు కొట్టవలెను. ఆ పొల్లు ఎడమచేతి నడిమివ్రేలి క్రింద నున్నది. 'తిరుపతి'కి ఏడు దెబ్బలు, 'చిత్తూరు'కు ఎనిమిది. 'స్త్రీ' యను ఒక్క యక్షరమునకు ఆఱు. 'లక్ష్మి' కంటికి రెండక్షరములు, వ్రేలికి ఏడు దెబ్బలు, అందులో 'ష' కొఱకు షిఫ్టు వేఱు. ఇంగ్లీషున ఒక దెబ్బకు ఒక యక్షరము తెఱపై నిలుచును. తెలుగున నిలువదు. పొల్లు పడి, తరువాతి హల్లు పడువఱకు తెఱపై కనబడునది సగము రూపము. అది క్షణక్షణమును మాఱుచుండును. ఆ మాఱుపాటును కన్ను వెంబడించినచో వ్రాత సాగదు. కావున తెలుగు వ్రాయువాడు, తాటియాకు లేఖకునివలె, తొలి రెమింగ్టనుపై కూర్చున్నవానివలె, కనబడని యక్షరమునే వ్రాయుచున్నాడు. మీటచెప్పు సాక్ష్యము ఇంగ్లీషువానికి సౌకర్యము, మనకు అవసరము.

ఈ మాట నేను బెంగుళూరులో నుద్యోగము చేయు నా పూర్వవిద్యార్థితో ననగా, ఆతడు సంక్రాంతికి వచ్చునప్పుడు చిన్న చెక్కపలకపై నాలుగు మీటలు బిగించినది తెచ్చి నా చేతిలో పెట్టెను. "కళ్లు మూసుకుని నొక్కి చూడండి సార్" అనెను. జర్మనీలో చెర్రీ సంస్థవారు 1980ల నడుమ నుండి చేయుచు వచ్చిన జాతి మీటలవి. పేటెంటు గడువు తీఱిన తరువాత చైనాలో పలువురు ఇదే రూపున చేయుటచే అవి సామాన్యుల కందుబాటులోనికి వచ్చినవి. రంగునుబట్టి గుణము. అన్నిటికిని దిగుడు 4 మిల్లీమీటర్లు. అందులో సుమారు సగము దిగినంతనే అక్షరము పోవును, అడుగు తాకనక్కఱలేదు. రబ్బరు బుడిపెకును వీనికిని మూలభేదమిదే.

నలుపు, ఎఱుపు ఒక కుదురువి. పైనుండి క్రింది వఱకు ఆటంకము లేక దిగును. ఎఱుపునకు 45 గ్రాముల బరువంత ఒత్తిడి, నలుపునకు 60. ఎఱుపు వెన్నలో చెంచా దిగినట్లుండును. ఆటలాడు యువకులకు ప్రియమైనది. కాని అది ఏమియు చెప్పదు. అక్షరము ఎచట పోయినదో వ్రేలికి తెలియదు. అందుచే భయముతో అడుగువఱకు నొక్కుదుము, ఆ యడుగుదెబ్బయే దాని ధ్వని. వ్రేళ్లు బరువైనవారు ఎఱుపుపై ఊరక ఆనించినను అక్షరము పోవును. నలుపు అట్లు తొందరపడదు గాని, రెండు పుటలు వ్రాయునప్పటికి ముంజేయి తెలియును.

నీలము పలుకుడుది. నొక్కగా ఒక చిన్న ఆటంకము, అది తెగినంతనే 'టిక్కు'. వినసొంపుగనే యుండును. మొదట నేను దానిపైననే మోజుపడితిని. కాని విప్పి చూచిన, మ్రోగు ముక్క వేఱు, విద్యుత్తును కలుపు ఱేకు వేఱు. ఐబీఎమ్ స్ప్రింగులోవలె అవి యొకటే కావు, పొరుగువారు మాత్రమే. ఇంకొకటి. నీలపు మీట ఒకమాఱు మ్రోగిన తరువాత, మరల మ్రోగుటకు బాగుగ పైకి రావలెను. ఒకే మీటను వెంటవెంట రెండుమాఱులు కొట్టువారికి ఇది యడ్డు. ఇంగ్లీషులిపిలో తెలుగు కొట్టి మార్చుకొను పద్ధతిలో అక్క, అమ్మ, తిన్నారు వంటి ప్రతి మాటలోను ఒకే మీటను రెండేసి మాఱులు కొట్టవలసివచ్చును. ఇన్‌స్క్రిప్టులో అట్లు కాదు. 'త్త' అనుటకు కుడిచేయి, ఎడమచేతి పొల్లు, మరల కుడిచేయి. త మీటకు పైకివచ్చు సావకాశము పొల్లు కల్పించును. మన ద్విత్వములకు నీలము హానిచేయదన్నమాట. ఈ సంగతి నాకు తోచిన రాత్రి నేను చాల సంతోషించితిని. ఆ సంతోషమును పంచుకొనుటకు ఇంటిలో ఎవరును మేల్కొనిలేరు. మేల్కొల్పినది ఆ మీటయే. ప్రక్కగదినుండి మా అమ్మ, "ఏంది నాయనా, బల్లి కొట్టుకున్నట్లు ఆ టిక్కుటిక్కులు?" అనెను. రెండుగదుల ఇంటిలో నీలము చెల్లదు.

గోధుమరంగు మీటకు 55 గ్రాములు. దీనియందు ఆటంకము కలదు, చప్పుడు లేదు. దారిలో చిన్న గడప వంటిది. అది దాటినంతనే అక్షరము పోవును. ఇది చాల స్వల్పమనియు, ఇసుకరేణువువలె తోచుననియు వాదించువారు కలరు. అందును కొంత నిజమున్నది. మొదటి వారము నాకును గడప తెలియలేదు. టైపుయంత్రపు అలవాటుచే ప్రతి మీటను అడుగుదాక గ్రుద్దుచుంటిని, గడపను తొక్కి దాటువానికి గడప యేల తెలియును? పలక క్రింద మడతపెట్టిన తువ్వాలు పఱచి, మెల్లగా వ్రాయుట నేర్చిన పిదప, ఎడమ నడిమివ్రేలు పొల్లు గడపను గుర్తించినది. ఆ పొల్లు దాటినప్పుడెల్ల నాకు తెలియును. పదయము మరల పడలేదు. ఇతర తప్పులు పడలేదని యనను.

కిందటి వేసవిలో ఆ గోధుమరంగు మీటల పలకను సంచిలో వేసికొని మా మాస్టరుగారి యింటికి పోయితిని. తిరుపతి 2022లో వేఱు జిల్లాయైన తరువాత నేను అచటికి పోవుట అదియే మొదలు. మేడగది మూతపడి చాలకాలమైనది. యంత్రములు పాతయినుమువానికి పోయినవట. మాస్టరుగారికి చూపు తగ్గినది. నన్ను గొంతునుబట్టి గుర్తుపట్టి, "అయిదో మిషనా?" అని నవ్విరి. మొదట చెక్కపలకపై నాలుగు మీటలను నొక్కించితిని. ఎఱుపును నొక్కి, "ఇది పలకదే" అనిరి. నీలమును నొక్కి, కొంతసేపు విని, "శబ్దముండాది, దెబ్బ లేదు" అనిరి. గోధుమరంగును మూడుమాఱులు మెల్లగా నొక్కి, "ఇదేందో చెవిలో చెప్తుండాది" అనిరి.

పిమ్మట పలకను వారి యొడిలో పెట్టితిని. దానికి కంప్యూటరు తగిలించియుండలేదు. ఏ యక్షరమును ఎచటను పడదని చెప్పబోయితిని గాని చెప్పలేదు. వారి వ్రేళ్లు మీటలపై ప్రాకి, మధ్యవరుసలో కుదురుకొన్నవి. మొదటి పాఠము మొదలైనది: ఎ, ఎస్, డి, ఎఫ్, జి, ఎఫ్. కుడిచేయి బదులు పలికినది. మొదట మెల్లగా, తరువాత సరియైన తాళమున. చిటికెనవ్రేలి దెబ్బ చూపుడువ్రేలి దెబ్బతో సమానముగ వినబడుచుండెను. వరుస నిండినదని వారికి తోచినచోట చేయి ఆగినది. గంట మ్రోగుటకై ఒక క్షణము ఎదురుచూచి, ఎడమచేయి పైకి లేచి, గాలిలో, క్యారేజిని త్రోయు మీటకై వెదకినది.